పర్యావరణ సంరక్షణతో లెంటు కాలాన్ని ఆచరించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

లెంటు కాలానికీ పర్యావరణానికీ సంబంధం ఏమిటి?

లెంటు అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై దినాల ఉపవాస కాలం. అది మొదలయ్యే భస్మ బుధవారం నాడు నుదుటిపై బూడిద పెట్టేటప్పుడు "నీవు మన్నే గనుక తిరిగి మన్నైపోదువు" అన్న ఆదికాండపు మాట వినిపిస్తుంది. ఆ మాట మనకు మరణాన్ని గుర్తు చేస్తుంది, ఏ మట్టిలో నుండి తీయబడ్డామో ఆ మట్టితో మనకున్న బంధుత్వాన్నీ గుర్తు చేస్తుంది. యేసు ప్రభువు నలభై దినాలు ఉపవాసమున్నది అరణ్యంలో. ఆయన అడవి మృగాలతో కూడ ఉన్నాడని మార్కు సువార్త మొదటి అధ్యాయం చెబుతుంది. అక్కడ ఆయనకు ఎదురైన శోధన రాళ్ళను రొట్టెలుగా మార్చుకొమ్మన్నది. సమస్త సృష్టిపై అధికారం ఉన్నవాడు తన ఆకలి తీర్చుకోవడానికి ఆ అధికారాన్ని వాడలేదు. కొండలను కంకరగా, చెరువులను ప్లాట్లుగా, నదీగర్భాలను ఇసుక రీచులుగా మార్చుకుంటున్న మన కాలానికి ఆ నిగ్రహం కంటే సూటిగా తగిలే లెంటు పాఠం నాకు మరొకటి కనిపించదు.

ఉపవాసం ఎలా ఉండాలో యెషయా 58వ అధ్యాయం చెబుతుంది: మనం తినక మిగిల్చినది ఆకలిగొన్నవారికి చేరాలి, కాడి కింద ఉన్నవారికి విడుదల కలగాలి. కాబట్టి పర్యావరణ స్పృహతో లెంటు ఆచరించేవారు ఏమి మానుకున్నామని అడుగుతూనే, మానుకున్నది ఎవరికి చేరిందని కూడా అడగాలి. ఈ పేజీలోని జవాబులన్నిటికీ ఆధారం ఆ రెండవ ప్రశ్నే.

లెంటు కాలం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుంది?

2026లో భస్మ బుధవారం ఫిబ్రవరి 18న, మట్టల ఆదివారం మార్చి 29న, శుభ శుక్రవారం ఏప్రిల్ 3న, ఈస్టర్ ఏప్రిల్ 5న వస్తాయి. 2027లో భస్మ బుధవారం ఫిబ్రవరి 10న, ఈస్టర్ మార్చి 28న. మధ్యలోని ఆదివారాలను లెక్కించకపోతే నలభై దినాలు. కథోలికులు తపస్సు కాలమనీ, ఇతర సంఘాలలో చాలామంది శ్రమ దినాలనీ, లెంటు దినాలనీ పిలుచుకునే ఈ కాలం ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో చలి తగ్గి ఎండలు ముదిరే రోజులలో వస్తుంది. బోర్లు అడుగంటడం, పశువులు నీటికి అలమటించడం, యాసంగి కోతలు, మిరప ఏరివేత అన్నీ ఈ వారాలలోనే సాగుతాయి.

ఇది ప్రకృతి ఆరాధన వైపు నడిపించదా?

ఈ భయం నిజాయితీగలది, దానిని తేలికగా తీసుకోకూడదు. క్రైస్తవుడు చెట్టును పూజించడు, చెట్టును చేసినవాడిని పూజిస్తాడు. అయితే "భూమియు దాని సంపూర్ణతయు లోకమును దాని నివాసులును యెహోవావే" అని 24వ కీర్తన ఒప్పుకున్నవాడు, ఆ యజమాని ఆస్తిని పాడుచేస్తూ ఆయనను స్తుతించలేడు. ఏదెను తోటను సేద్యపరచడానికీ దానిని కాయడానికీ దేవుడు నరుని అక్కడ ఉంచాడని ఆదికాండం 2:15 చెబుతుంది. కావలివాడు తోటకు మొక్కడు, తోటను తగలబెట్టనూ బెట్టడు. ఆదికాండం 1:28లోని "ఏలుడి" అన్న ఆజ్ఞను కొందరు దోపిడీకి అనుమతిగా చదువుతారు. బైబిలు దృష్టిలో మంచి ఏలుబడి ఎలా ఉంటుందో 72వ కీర్తన చూపిస్తుంది: ఆ రాజు బీదలకు న్యాయం తీరుస్తాడు, గడ్డి కోసిన బీటిపై కురిసే వానలా ఉంటాడు.

ఈ లోకం గతించిపోయేదే కదా, దానిని కాపాడడం ఎందుకు?

రెండవ పేతురు మూడవ అధ్యాయాన్ని చూపి ఈ ప్రశ్న అడుగుతారు. అదే అధ్యాయం నీతి నివసించే కొత్త ఆకాశాలనూ కొత్త భూమినీ వాగ్దానం చేస్తుంది, ఆ నిరీక్షణను బట్టి ఇప్పుడు పరిశుద్ధంగా బ్రతకమంటుంది. మన శరీరం కూడా మట్టిలో కలిసేదే. అంతమాత్రాన రోగిని వైద్యుని దగ్గరకు తీసుకుపోకుండా ఉండం. సృష్టి యావత్తు ప్రసవ వేదన పడుతున్నదని రోమా 8:22లో పౌలు రాశాడు, ప్రసవ వేదన బిడ్డ రాకను సూచిస్తుంది. క్రీస్తు సిలువ రక్తం ద్వారా దేవుడు సమస్తాన్నీ తనతో సమాధానపరచుకున్నాడని కొలొస్సయి 1:20 చెప్పేటప్పుడు, ఆ "సమస్తం"లో నుండి నదులను, పశువులను, పక్షులను తీసివేసే అధికారం మనకెవరూ ఇవ్వలేదు.

ఇది ఇటీవల విదేశాలలో పుట్టి మనకు దిగుమతైన ఆలోచనా?

దాని నేటి రూపానికి కొన్ని తేదీలున్నాయి. 2008 లెంటులో లివర్‌పూల్ బిషప్ జేమ్స్ జోన్స్, లండన్ బిషప్ రిచర్డ్ చార్ట్రెస్, టియర్‌ఫండ్ అనే క్రైస్తవ సహాయ సంస్థతో కలిసి, కర్బన ఉద్గారాలను తగ్గించుకునే "కార్బన్ ఉపవాసం" పాటించమని విశ్వాసులను పిలిచారు. ప్రపంచ క్రైస్తవ సంఘాల మండలికి చెందిన నీటి వేదిక అదే 2008 నుండి ఏటా లెంటులో "నీటి కోసం ఏడు వారాలు" అనే ధ్యానాలను నిర్వహిస్తున్నది. 2015లో పోప్ ఫ్రాన్సిస్ సృష్టి సంరక్షణపై వెలువరించిన "లౌదాతో సీ" లేఖ కథోలిక లోకమంతటా ఈ ఆలోచనకు బలమిచ్చింది. దక్షిణ ఇండియా సంఘానికి (సీఎస్ఐ) పర్యావరణ విషయాల కోసం ప్రత్యేక విభాగమే ఉన్నది.

పిలుపు కొత్తదైనా అందులోని సారం తెలుగు సంఘానికి పాతదే. 1876–78 నాటి మహా కరువులో ఒంగోలులో పనిచేస్తున్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, సర్వేయరుగా తనకున్న అనుభవంతో బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇప్పించారు. గింజల కోసం మతం పుచ్చుకున్నారన్న నింద రాకూడదని సహాయం జరిగినంత కాలం బాప్తిస్మాలు ఆపి ఉంచారు. ఆ తరువాతనే, 1878 జూలై 3న, ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించబడిన మెదక్ కెథడ్రల్ కూడా కరువు పనిగానే లేచింది. అంటే వాన తప్పినప్పుడు, భూమి పండనప్పుడు సంఘం ఎక్కడ నిలబడాలో మన ముత్తాతల కాలంలోనే తేలింది.

తక్కువతో బ్రతుకుతున్న పేద విశ్వాసులను ఇంకా తగ్గించుకోమనడం న్యాయమా?

న్యాయం కాదు, అలా అనకూడదు కూడా. తెలుగు నాట సంఘాలలో అత్యధికులు దళిత పేటల నుండి వచ్చినవారు. ఊరి బావిలో చేద వేసే హక్కు లేక, ఎవరైనా వచ్చి కడవలో పోసే దాకా గట్టున ఎదురుచూసిన అవ్వల మనుమలూ మనుమరాళ్ళూ ఈనాడు మన బల్లలపై కూర్చున్నారు. నీటి విలువ వారికి బోధించవలసిన అవసరం ఎవరికీ లేదు. ఉపవాసం మిగులు ఉన్నవాడి బాధ్యత. రెండు ఏసీలు, రెండు కార్లు ఉన్న ఇంటికీ, ఒక ఫ్యానుతో వేసవి గడిపే ఇంటికీ ఒకే లెంటు కార్డు పంచి ఒకే నియమాలు పెట్టడం అన్యాయం.

పేద కుటుంబాలకు ఈ కాలంలో సంఘం వేరే ప్రశ్న వేయాలి: మీ వీధిలో నీరు వస్తున్నదా, మురుగు కాలువ పారుతున్నదా, ఊరి చెత్త తెచ్చి మీ ఇళ్ళ పక్కనే పోస్తున్నారా? పర్యావరణ నష్టం మొదట తగిలేది వారికే. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిన నల్లగొండ పల్లెలను తలచుకుంటే ఈ మాటకు వేరే సాక్ష్యం అక్కరలేదు. పేట ప్రజలతో కలిసి గ్రామసభకు, పంచాయతీకి వినతిపత్రం తీసుకుపోవడం కూడా లెంటు ఆచరణే, "కాడిమాను మోకులు తీయుట" అని యెషయా చెప్పిన పనే.

మరి వేటిని మానుకోవాలి?

జాబితా పొడుగ్గా ఉంటే మొదటి వారంలోనే విడిచిపెడతాం. ఇంటిలో నిజంగా మిగులుగా ఉన్నది ఒకటి రెండు చూసుకుని, నలభై దినాలూ నిలబడగలిగినంత పెట్టుకోవడం మేలు. ఏసీ వాడే ఇళ్ళలో దానిని 24 డిగ్రీల కంటే తగ్గించకుండా ఉండడం ఒక మంచి ఆరంభం. ఒక్కొక్క డిగ్రీ పెంచినప్పుడు సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెబుతున్నది. నడిచి పోగల దూరంలో ఉన్న గుడికి నడిచి పోవడం, దూరమైతే రెండు మూడు కుటుంబాలు ఒకే బండిలో రావడం మరొకటి. వారానికి కొన్ని పూటలు తెల్లన్నం బదులు జొన్న రొట్టె, రాగి సంకటి, కొర్రన్నం తినడం ఇంకొకటి. వరితో పోలిస్తే ఈ మెట్ట పంటలకు కావలసిన నీరు ఎంతో తక్కువ, వాటిని పండించేవారు ఎక్కువగా వర్షాధారపు చిన్న రైతులు.

ఆన్‌లైన్‌లో బట్టలు, వస్తువులు కొనడం ఈ వారాలలో ఆపితే చాలా ఇళ్ళలో అదే పెద్ద ఉపవాసం అవుతుంది. ఈస్టర్‌కు కొత్త బట్టలు తప్పనిసరి అన్న అలవాటును కూడా కుటుంబం కూర్చుని ఒకసారి ఆలోచించుకోవచ్చు.

మాంసం మానితే చేపలు, రొయ్యలు తినవచ్చా?

కథోలిక సంఘ చట్టం ప్రకారం 14 ఏళ్ళు నిండినవారు భస్మ బుధవారం నాడూ శుక్రవారాలలోనూ మాంసం మానుకోవాలి, 18 నుండి 59 ఏళ్ళ వారు భస్మ బుధవారం, శుభ శుక్రవారాలలో ఉపవాసముండాలి. చేపకు ఆ నిషేధం లేదు. కానీ కోడికూర మానేశామని చెప్పి దానికి రెండింతల ధర పెట్టి రొయ్యల వేపుడు చేసుకుంటే నియమం నిలిచి ఉపవాసం పోతుంది. రొయ్యల వెనుక కోస్తా జిల్లాల కథ కూడా ఉన్నది. ఉప్పునీటి చెరువులు పెరిగిన చోట చుట్టుపక్కల పొలాలూ తాగునీటి బావులూ చవుడెక్కుతున్నాయని గోదావరి, కృష్ణా డెల్టా గ్రామాలవారు ఏళ్ళుగా మొరపెట్టుకుంటున్నారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన కొల్లేరు సరస్సు చేపల చెరువుల ఆక్రమణలతో ఎంత కుంచించుకుపోయిందో ఆ ప్రాంతపు సంఘాలకు తెలుసు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. ఈస్టర్ ఆలస్యంగా వచ్చిన ఏడాది, 2025లో జరిగినట్లుగా, శుభ శుక్రవారం ఆ నిషేధ రోజులలోనే పడుతుంది. సముద్రానికే విశ్రాంతి ఇచ్చిన వారంలో పప్పు, ఆకుకూరతో సరిపెట్టుకోవడం ఎంతో సముచితం.

శుక్రవార కూడికలలోనూ ప్రేమ విందులలోనూ ప్లాస్టిక్ లేకుండా వందమందికి భోజనం ఎలా పెట్టాలి?

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, దీనికి పెద్దగా ఖర్చు లేని జవాబున్నది. ప్లాస్టిక్ పళ్ళాలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మోకోల్ 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధంలో ఉన్నాయి. కాబట్టి వాటిని మానడం ఉపవాసమేమీ కాదు, చట్టం చెప్పినది చేయడమే. కాగితపు గ్లాసులకు లోపల సన్నని ప్లాస్టిక్ పూత ఉంటుందనీ, వాటిని తగలబెడితే పిల్లలు పీల్చేది ఆ పొగేననీ వంటశాల బాధ్యులకు చెప్పాలి.

కోస్తాలో అరిటాకు, ఏజెన్సీ ప్రాంతం నుండి వచ్చే అడ్డాకు విస్తళ్ళు, తెలంగాణలో మోదుగాకు విస్తళ్ళు మనకు తరతరాలుగా ఉన్నవే. అడ్డాకులు కోసి కుట్టేది ఎక్కువగా ఆదివాసీ స్త్రీలు. ఆ కొనుగోలుతో సంఘపు డబ్బు వారి చేతికి చేరుతుంది. నీటి ఎద్దడి ఉన్న వేసవిలో స్టీలు కంచాలు కడగడం కంటే విస్తరే మేలు. భోజనం అయ్యాక దానిని గేదె ముందు వేయవచ్చు, లేదా ఆవరణలోని గోతిలో మట్టి కప్పి ఎరువు చేయవచ్చు.

గ్లాసులు మాత్రం స్టీలువే ఉండాలి. కడగడానికి నీరు ఎక్కువ పడుతుందని అభ్యంతరం చెబుతారు. మూడు తొట్లు వరుసగా పెట్టించండి. మొదటి దానిలో గ్లాసు ముంచి కడిగి, రెండవ దానిలో సబ్బుతో రుద్ది, మూడవ దానిలో తొలిచి బోర్లిస్తే పారే కుళాయి కింద కడిగినదానిలో కొద్దిపాటి నీటితోనే పని ముగుస్తుంది. సబ్బు లేని మొదటి తొట్టి నీరు మునగ చెట్టుకో అరటి బోదెకో పోయవచ్చు. ఈ పనిని ఎప్పుడూ స్త్రీల సహవాసానికే వదిలివేయకుండా పురుషులూ యువకులూ వంతులు వేసుకుంటే అది కూడా లెంటుకు తగినదే.

మరొక మాట. అయిదు వేలమంది తిని తృప్తి పొందిన తరువాత "ఏమియు నష్టపడకుండ" మిగిలిన ముక్కలు పోగు చేయమని ప్రభువు చెప్పినట్లు యోహాను 6:12లో ఉన్నది. వడ్డనకు ముందే తలలు లెక్కపెట్టి వండడం, మొదటిసారి కొద్దిగా వడ్డించి అడిగినవారికి మళ్ళీ వేయడం, ముట్టని అన్నాన్ని చల్లారక ముందే ఆకలిగా ఉన్నవారికి పంపడం ఆ మాటకు విధేయతే.

మట్టల ఆదివారానికి మట్టలు కోయడం వల్ల చెట్లకు హాని జరుగుతుందా?

ఎలా కోస్తామన్నదానిని బట్టి ఉంటుంది. ఈత, తాటి, కొబ్బరి చెట్లకు కొమ్మలుండవు. పెరిగేదంతా తలపై ఉన్న ఒక్క మొవ్వు నుండే. ముదురు మట్టలు కొన్ని కోసుకుంటే చెట్టు నష్టపోదు కానీ, లేతగా పసుపుపచ్చగా నిగనిగలాడుతున్నదని మొవ్వు దాకా నరికితే చెట్టు చచ్చిపోతుంది. మట్టల ఆదివారపు ముందు రోజున యువకులు కత్తులు పట్టుకుని బయలుదేరేటప్పుడు ఈ ఒక్క విషయం చెప్పి పంపాలి. ఈత వనాలు గీత కార్మికుల జీవనాధారం కూడా. చెట్టు ఎవరు గీస్తున్నారో తెలుసుకుని, వారిని అడిగి, వారి చేతనే కోయించుకుంటే చెట్టూ దక్కుతుంది, వారికి కూలీ దక్కుతుంది.

మనిషికి ఒక మట్ట అవసరం లేదు. ఒక మట్టను ఆకులుగా చీల్చి పంచితే పిల్లలందరికీ సరిపోతుంది. ఊరేగింపు ముగిశాక కథోలిక విచారణలలో (ఒక గురువు పరిధిలోని స్థానిక సంఘాలలో) కొన్ని మట్టలు దాచి మరుసటి ఏటి విభూదికి వాడతారు. మిగిలినవి పందిరికీ దడికీ ఎరువు గోతికీ పనికివస్తాయి. ప్లాస్టిక్ మట్టలు కొనడం మాత్రం ఏ విధంగానూ పరిష్కారం కాదు. వీలున్న సంఘాలు ఊరేగింపు నాడే గుర్తుపెట్టుకుని వానలు పడగానే చెరువు గట్టున తాటి టెంకలు, ఈత గింజలు నాటితే తరువాతి తరానికి మట్టలకు కొదవ ఉండదు.

ఉజ్జీవ కూటాలకు ఫ్లెక్సీలు, మైకులు లేకుండా ఎలా?

100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు కూడా 2022 నాటి నిషేధంలో ఉన్నాయి. మందపువి చట్టం అనుమతించినా, మూడు రోజుల కూటం అయ్యాక అవి మురుగు కాలువలోనో మంటలోనో ముగుస్తాయి, పీవీసీ మంట విషపు పొగ ఇస్తుంది. తేదీ భాగం ఖాళీగా వదిలి గుడ్డపై రాయించిన బ్యానరు పదేళ్ళు పనికివస్తుంది, ఊరిలోని పెయింటరుకు పనీ దొరుకుతుంది. ప్రసంగీకుల ముఖాలను నిలువెత్తు ఫ్లెక్సీలపై వేయించే అలవాటు లెంటుకు ఏమాత్రం తగదు, ఉపవాసం రహస్యంగా ఉండాలని మత్తయి 6లో ప్రభువు చెప్పిన మాటకు అది ఎదురు నడక.

శబ్దం కూడా కాలుష్యమే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టరాదు, నివాస ప్రాంతాలలో పగటి పరిమితి 55 డెసిబెల్స్. పరీక్షలకు చదివే పిల్లలు, గుండె జబ్బు వృద్ధులు మన పొరుగువారు. స్పీకరును గుడి లోపలి వైపు తిప్పి పెట్టడంతో కూటపు ఆశీర్వాదం తగ్గిపోదు.

నీటి విషయంలో సంఘం ఏమి చేయగలదు?

ఈ ఎండాకాలపు లెంటులో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే పని ఇది. గుడి కప్పును ఒకసారి తలెత్తి చూడండి. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 200 చదరపు మీటర్ల కప్పు ఉన్న గుడి, ఏడాదికి 800 మిల్లీమీటర్లు కురిసే ఊరిలో ఉంటే, 1,60,000 లీటర్లు ఆ కప్పు మీద పడతాయి. ఆవిరికీ తొలి జల్లు మురికికీ అయిదవ వంతు పోయినా 1,28,000 లీటర్లు మిగులుతాయి. ఆ నీరంతా నేడు చాలా ఆవరణలలో సిమెంటు మీదుగా రోడ్డుపైకి పోతున్నది.

ఇంకుడు గుంత తవ్వడానికి లెంటు సరైన సమయం, ఎందుకంటే నేల ఎండి ఉంటుంది, తొలకరికి రెండు మూడు నెలల గడువుంటుంది. గొట్టం ద్వారా వచ్చిన నీరు గుంతలో పెద్ద రాళ్ళు, వాటిపై కంకర, పైన ఇసుక గుండా దిగేలా చేయాలి. మరుగుదొడ్డి గుంతకూ సమాధుల స్థలానికీ దూరంగా ఉండాలి. ఆవరణ అంతా పరిచిన సిమెంటు పలకలను కొంత మేర తొలగించి మట్టిని ఊపిరి పీల్చుకోనివ్వడం కూడా అవసరం. గుడి చుట్టూ పలకలు పరచడమే అభివృద్ధి అన్న అభిప్రాయం మన కమిటీలలో బాగా పాతుకుపోయింది.

గేటు బయట కుండలతో చలివేంద్రం పెట్టండి, కులమతాలు అడగకుండా బాటసారులందరికీ పోయండి. కుండలు స్థానిక కుమ్మరి దగ్గర కొనండి. నీటి ప్యాకెట్లు పంచితే దాహం తీరి వీధి పాడవుతుంది. పశువులకు ఒక తొట్టి, పక్షులకు నీడలో మట్టి మూకుడు ఉంచి, దోమలు పెరగకుండా రెండు రోజులకొకసారి నీరు మార్చాలి. నీనెవె పట్టణపు ఉపవాసంలో పశువులను కూడా చేర్చారనీ, దేవుడు వాటిని కూడా లెక్కపెట్టి కనికరించాడనీ యోనా గ్రంథంలో చదువుతాం.

రైతులైన విశ్వాసులు ఏమి చేయవచ్చు?

కోతల తరువాత వరి కొయ్యకాళ్ళు, మొక్కజొన్న చొప్ప, పత్తి కట్టె తగలబెట్టకుండా ఉండడం మొదటిది. ఆ మంట నేలలోని సూక్ష్మజీవులను చంపుతుంది, పోషకాలను గాలిలో కలుపుతుంది, గట్లమీది చెట్లను మాడ్చివేస్తుంది. కాల్చకుండా కలియదున్నించడానికి ట్రాక్టరు ఖర్చు అవుతుందన్నది నిజమైన ఇబ్బంది. అందుకే సంఘంలోని రైతులు కలిసి రోటవేటరును బాడుగకు తెచ్చుకోవడం, మేత అవసరమున్న పశువుల కాపరులకు గడ్డి ఇవ్వడం వంటివి కూడికలో మాట్లాడుకోవాలి. తొలకరికి జీలుగ, జనుము, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట విత్తనాలు ముందే సమకూర్చుకోవడం మరొకటి. ఏడవ ఏట భూమికి విశ్రాంతి ఇవ్వమన్న లేవీయకాండం 25వ అధ్యాయపు ఆజ్ఞను నేడు అక్షరాలా పాటించలేకపోయినా, భూమికి తిరిగి ఇవ్వాలన్న దాని ఉద్దేశాన్ని ఒక మడిలోనైనా పాటించవచ్చు.

మిరప పొలాలున్న గుంటూరు, పల్నాడు, ఖమ్మం ప్రాంతాలలో ఈ వారాలు ఏరివేతకు ముమ్మరమైన కాలం. మందు కొట్టిన వెంటనే కూలీలను చేలోకి దింపకుండా ఉండడం, మందు కొట్టేవారికి ముఖానికీ చేతులకూ తొడుగులు ఇవ్వడం, ఖాళీ మందు డబ్బాలను కాలువలో కడగకుండా, తాగునీటికి వాడకుండా చూడడం భూమి ఉన్న ప్రతి విశ్వాసి బాధ్యత.

ఆరోగ్యం బాగాలేనివారు, పిల్లలు ఎలా పాల్గొనాలి?

మధుమేహం ఉన్నవారు, గర్భిణులు, బాలింతలు, మందులు వాడే వృద్ధులు, ఎండలో కష్టం చేసేవారు వైద్యుని సలహా లేకుండా అన్నపానాలు మానకూడదు. ముఖ్యంగా నీరు మానడం మన ఎండలలో ప్రమాదం. వారికి వేరే విధమైన నిగ్రహాలు చాలా ఉన్నాయి. సండే స్కూలు పిల్లలకు ఒక్కొక్కరికి ఒక మొక్కనో ఒక పక్షుల మూకుడునో అప్పగిస్తే చాలు, పెద్దల కంటే వారే శ్రద్ధగా చూసుకుంటారు.

సిలువ ధ్యానాలలో, ప్రార్థనలలో ఈ అంశాన్ని ఎలా చేర్చాలి?

ప్రసంగాన్ని చెట్ల పెంపకంపై ఉపన్యాసంగా మార్చనవసరం లేదు, శ్రమల ధ్యానానికి క్రీస్తే కేంద్రం. గెత్సేమనే తోట, ముళ్ళ కిరీటం, భూమి వణకి బండలు బద్దలవడం, మధ్యాహ్నపు చీకటి అన్నీ సువార్తలలోనే ఉన్నాయి. "దప్పిగొనుచున్నాను" అన్న మాటను ధ్యానించే రోజున ఊరిలో తాగునీరు లేని వాడను పేరు పెట్టి ప్రార్థించవచ్చు. కథోలిక విచారణలలో సిలువ మార్గపు స్థలాలలో (క్రీస్తు శ్రమలను ధ్యానిస్తూ ఆగే చోట్లలో) కొన్నింటిని చెరువు గట్టు దగ్గర, ఎండిన బావి దగ్గర, చెత్త దిబ్బ దగ్గర పెట్టుకుని నడిస్తే, ఊరి గాయాలు కూడా ఆ ప్రార్థనలోకి వస్తాయి. పాప ఒప్పుకోలులో భూమి విషయంలో, నీటి విషయంలో చేసిన తప్పులను స్పష్టంగా పలకాలి.

ఆదా అయిన డబ్బును ఏమి చేయాలి?

ఇంట్లోనే మిగిలిపోతే అది పొదుపు అవుతుంది. విద్యుత్ బిల్లులో, పెట్రోలులో, మాంసం ఖర్చులో తగ్గిన మొత్తాన్ని వారం వారం ఒక డబ్బాలో వేసి ఈస్టర్ ముందు సంఘానికి తేవాలి. లెంటు కానుక ఇచ్చే ఆచారం మనలో ఉన్నదే, కథోలిక సహాయ సంస్థ కారితాస్ ఇండియా వంటివి కూడా ఏటా తపస్సు కాలంలో సహాయ నిధి సేకరిస్తాయి. స్థానికంగా వాడేటప్పుడు ఒకే పనిని ముందే నిర్ణయించి ప్రకటించడం మంచిది: పాఠశాలలో తాగునీటి శుద్ధి యంత్రపు మరమ్మతు, పేటలో చెడిన బోరింగు బాగుచేయడం, వడదెబ్బ తగిలిన కూలీ కుటుంబానికి సహాయం. వచ్చినదీ ఖర్చైనదీ గుడి నోటీసు బోర్డుపై రాయాలి.

పెద్ద కర్మాగారాలు చేసే కాలుష్యం ముందు మన ప్రయత్నం ఎంత?

తూకం వేస్తే చాలా చిన్నది. ఒక సంఘం ప్లాస్టిక్ మానినంత మాత్రాన భూతాపం తగ్గదు, అలా చెప్పి ఎవరినీ నమ్మించకూడదు. పశ్చాత్తాపం మాత్రం ఫలితం లెక్కగట్టి చేసేది కాదు. తన ఇంటిని సరిదిద్దుకున్న సంఘానికి పరిశ్రమ వ్యర్థాలపై, అక్రమ ఇసుక తవ్వకాలపై, చెరువుల ఆక్రమణలపై అధికారుల ముందు మాట్లాడే నైతిక బలం వస్తుంది. మన ఆసుపత్రులు, పాఠశాలలు, కాలేజీలు, వాటి స్థలాలు కలిపితే తెలుగు రాష్ట్రాలలో సంఘాల చేతిలో ఉన్న భూమి చిన్నదేమీ కాదు. ఆ భూములపై చెట్లు ఉంటాయా, దుకాణ సముదాయాలు లేస్తాయా అన్నది మన కమిటీలే నిర్ణయిస్తాయి.

ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో ఏమి జాగ్రత్తలు తీసుకోవాలి?

సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే ఆచారం మన ప్రాంతాలలో ఎంతో ప్రియమైనది, దానిని మానమని ఎవరూ అనరు. ప్లాస్టిక్ పూలదండలు, మెరుపు కాగితాలు, కొవ్వొత్తుల ప్లాస్టిక్ కప్పులు మాత్రం వద్దు. బంతి, చామంతి, మల్లె స్థానిక రైతు దగ్గరే దొరుకుతాయి. ఎండుగడ్డి ఉన్న చోట కొవ్వొత్తి వదిలి రాకూడదు. ఆరాధన ముగిశాక యువజనులు గోనె సంచులతో ఒకసారి తిరిగి రావాలి.

ఈస్టర్ తరువాత ఈ అలవాట్లన్నీ ఆగిపోతాయి కదా?

కొన్ని ఆగిపోతాయి, పండుగ పండుగగానే జరగాలి కనుక అందులో తప్పులేదు. విస్తళ్ళు, స్టీలు గ్లాసులు, గుడ్డ బ్యానరు మాత్రం సంఘపు శాశ్వత నియమాలుగా కమిటీ తీర్మానపు పుస్తకంలో రాసుకోవాలి. మే నెలాఖరుకు ఇంకుడు గుంతలో చేరిన చెత్త తీయాలి, జూన్, జూలైలలో వేప, కానుగ, నేరేడు, చింత వంటి మన నేలకు అలవాటైన మొక్కలు నాటాలి, నాటిన ప్రతి మొక్కకూ రెండు వేసవుల వరకు నీరు పోసే కుటుంబం పేరు రాసి పెట్టాలి. సెప్టెంబరు 1 నుండి అక్టోబరు 4 వరకు అనేక దేశాల సంఘాలు సృష్టి కాలాన్ని ఆచరిస్తాయి. లెంటులో మొదలుపెట్టిన పనుల లెక్కను ఆ వారాలలో సంఘం ముందు ఉంచి, ఏ మొక్క చచ్చిందో, ఏ బోరింగు ఇంకా బాగుపడలేదో చూసుకుని, తరువాతి లెంటుకు ఒక్క కొత్త పనిని చేర్చుకోవచ్చు.